పగడపు దిబ్బల సంరక్షణలో శాకాహార చేపల పాత్ర: జమైకా, బొనైర్ అనుభవాలు

పగడపు దిబ్బల క్షీణతకు సముద్రజలాల వేడిమినే ప్రధాన కారణంగా పేర్కొనడం పరిపాటి. మితిమీరిన చేపలవేట కూడా అంతే బలమైన కారణమని కరేబియన్ సముద్రంలోని రెండు పర్యాటక ద్వీపాల అనుభవం తెలుపుతుంది.

దిబ్బపై పగడాలు, శైవలాలు చోటుకోసం పోటీపడతాయి. చిలుకచేపల వంటి శాకాహార చేపలు శైవలాలను నిరంతరం మేయడం వల్లనే లేత పగడాలు నిలదొక్కుకోగలుగుతాయి. జమైకాలో దశాబ్దాల వేట ఈ చేపలను హరించింది. అయినా సముద్రపు అర్చిన్లు శైవలాలను మేస్తూ ఉండడంతో లోపం వెంటనే బయటపడలేదు. 1980లో అలెన్ హరికేన్ పగడాలను విరిచివేసింది. 1983లో వ్యాధి సోకి అర్చిన్లు నశించాయి. దానితో 1977లో సుమారు 52 శాతంగా ఉన్న పగడాల ఆచ్ఛాదన 1990ల తొలినాళ్ళకు 3 శాతానికి పడిపోయింది. శైవలాలది 4 నుండి 92 శాతానికి పెరిగింది.

బొనైర్ భిన్నమార్గాన్ని అనుసరించింది. అక్కడ 1971లో ఈటెలతో చేపలవేటను నిషేధించారు. 1979లో ద్వీపం చుట్టూ 60 మీటర్ల లోతు వరకు సముద్ర ఉద్యానాన్ని ఏర్పరచారు. 1992 నుండి డైవింగ్‌కు వచ్చే పర్యాటకుల రుసుమును దాని నిర్వహణకు వినియోగిస్తున్నారు. 2010లో చిలుకచేపల వేటను నిషేధించి, చేపల బోనుల వాడకాన్ని క్రమంగా తొలగించే చర్యలు చేపట్టారు.

వేట నియంత్రణ సముద్రతాపాన్ని తగ్గించజాలదు. 2010లోనే బొనైర్ పగడాలు కూడా వివర్ణమయ్యాయి. అయితే తర్వాతి సంవత్సరాలలో చిలుకచేపలు పెరిగి, శైవలాలు తగ్గి, పగడాలు కోలుకున్నట్లు సర్వేలు వెల్లడించాయి. అనగా మేసే చేపలు దిబ్బకు దెబ్బ తగలకుండా ఆపలేవు. తిరిగి లేచే శక్తిని మాత్రం నిలుపుతాయి.

పర్యాటకుడి కంచంలోని చేప, అతడు చూడవచ్చిన పగడం ఒకే ఆవరణ వ్యవస్థకు చెందినవి. నిషేధాల భారం మొదట పడేది స్థానిక మత్స్యకారులపైనే కనుక, పర్యాటక ఆదాయంలో వారికి న్యాయమైన వాటా కల్పించడం సంరక్షణ విధానంలో అంతర్భాగం కావలసి ఉన్నది.