మే పువ్వు కుండీని పారవేయకండి

మే నెల ఎండకు గులాబీ ఆకులు మాడి పెరడంతా వాడిపోయిన వేళ, ఏదో ఒక మూల కుండీలో ఎర్రని బంతి వంటి పువ్వు లేచి నిలుచుట మీలో అనేకులు చూచియుంటారు. కొందరు మే పువ్వు అంటారు, కొందరు ఫుట్‌బాల్ లిల్లీ అంటారు. దీని స్వస్థలము ఆఫ్రికా. దగ్గరకు వెళ్లి చూడండి, అది ఒక్క పువ్వు కాదు. ఒకే కాడ చివర చిన్న చిన్న పువ్వులు గుత్తిగా ఉంటాయి. బాగా బలిసిన గడ్డకైతే 200 వరకు పూస్తాయి! అయితే వారము పది రోజులలో అంతా అయిపోతుంది.

పువ్వుల అందమునే కాదు, అవి ఎదుగు విధమును కూడ గమనించమని ప్రభువు చెప్పాడు గదా (మత్తయి 6:28). మరి ఇంత ఎండలో ఈ పువ్వుకు బలము ఎక్కడనుండి వచ్చింది? పోయిన సంవత్సరపు ఆకులనుండి. పువ్వు రాలిన తరువాత వెడల్పాటి ఆకులు వానాకాలమంతా పచ్చగా నిలిచి, ఆహారము తయారుచేసి, మట్టిలోని గడ్డలో దాచిపెడతాయి. అందుచేత పువ్వు అయిపోయిందని ఆకులు కోయకండి. కోసినయెడల వచ్చే మే నెల పువ్వునే కోసినట్లు.

చలికాలములో ఆకులు పండి రాలిపోతాయి. కుండీలో వట్టి మట్టి తప్ప ఏమీ కనబడదు. ఎన్నో ఇండ్లలో ఈ మొక్క పోయేది అప్పుడే. చచ్చిందనుకొని కొందరు మట్టితో సహా పారబోస్తారు. మరికొందరు జాలిపడి రోజూ నీళ్లు పోస్తారు, గడ్డ కుళ్లిపోతుంది. (జాలివలన పోయిన మొక్కలే ఎక్కువేమో!) ఆ కొద్ది నెలలు కుండీని నీడపట్టున ఉంచి, నీళ్లు దాదాపు మానివేయండి. పిల్లగడ్డలు వేరు చేయదలిస్తే అదే తగిన సమయము. ఊరకే కదిలించవద్దు, ఇరుకుగా ఉన్నా ఈ గడ్డకు ఇబ్బంది లేదు. ఏప్రిల్‌లో మొలక కనబడగానే మళ్లీ నీళ్లు మొదలుపెట్టండి. ఉదయపు ఎండ చాలును, మిట్టమధ్యాహ్నపు ఎండ పనికిరాదు.

ఇంకొక మాట, ఇది ముఖ్యమైనది. ఆ గడ్డ చూపునకు ఉల్లిగడ్డవలె ఉంటుంది గాని విషము. ఆఫ్రికాలో కొన్నిచోట్ల బాణముల మొనలకు పూసే విషములో దీనిని వాడేవారు. త్రవ్వి తీసిన గడ్డలను వంటగదిలో పెట్టకండి, చంటిపిల్లలకు, మేకలకు అందనియ్యకండి. ముట్టుకొన్న తరువాత చేతులు సబ్బుతో కడుగుకొనండి.