మగ్గపు గదికి రెక్కల కిటికీ

బరంపురములో మన నేతవీథులు చూచినవారికి ఇండ్ల తీరు తెలిసియే యుండును. ఇరుప్రక్కల గోడలు పొరుగువారితో ఉమ్మడి. ముందు అరుగు, వెనుక పెరడు, నడుమ పొడుగాటి ఇల్లు. గాలియైనా వెలుతురైనా ఈ రెండు కొసలనుండియే రావలెను. కంచిలోను ఇతర చోట్లను మన సోదరుల పాత ఇండ్లు చాలవరకు ఇట్టివే. మగ్గము వీథిగదిలో ఉండును. వీథిలో పోవువారు పోవుచుందురు, నిలిచి చూచువారు చూచుచుందురు. అందుచేత ఆడవారు మగ్గముమీద కూర్చున్నపుడు తలుపు మూసి, కిటికీకి గోనెపట్టా కట్టి, పట్టపగలు కరెంటు బల్బు వెలిగించి నేయుట మన ఇండ్లలో అలవాటైనది. గది ఉడికిపోవును. బల్బు నీడలో ముదురు ఆకుపచ్చకు, నలుపుకు తేడా తెలియదు. తెగిన పోగు అచ్చులో ఎక్కించవలసి వచ్చినపుడు కళ్ళు లాగుచున్నవని కొడుకునో కూతురినో పిలుచువారిని మేము ఎందరినో చూచినాము.

ఇప్పుడు పలువురు పాత పెంకుటిండ్లు తీసివేసి కొత్త గదులు కట్టుకొనుచున్నారు. కట్టునపుడు కిటికీ సంగతి మేస్త్రీకి విడిచిపెట్టుచున్నారు. మేస్త్రీకి ఇల్లు తెలియును గాని మగ్గము తెలియదు. కనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఇంజనీర్లు లూవరు అనునది ఏమంత కొత్త వస్తువు కాదు. చట్రములో సన్నని చెక్కలను ఒకదానిపై నొకటి ఏటవాలుగా బిగించినది. పుదుచ్చేరిలో ఫ్రెంచివారు కట్టిన ఇండ్లు చూచినవారు ఆ చెక్కరెక్కల తలుపులను గుర్తు తెచ్చుకొనవచ్చును. మేము దీనిని రెక్కల కిటికీ అందుము. దీని గుణమంతయు రెక్క వాలులో ఉన్నది. వాలు ఎటు, ఎంత అన్నది సరిగా కుదిరినచో వెలుతురు, గాలి, చాటు మూడును దొరకును. కుదరనిచో ఏదియు దొరకదు.

మొదట కిటికీ ఎత్తు చూడవలెను. మనది గుంటమగ్గము. నేయువారు నేలమట్టమున కూర్చుండి కాళ్ళు గుంటలో పెట్టుకొందురు. బట్ట నేలకు కొద్దిపాటి ఎత్తుననే ఉండును. మేస్త్రీ అలవాటు చొప్పున మూడడుగుల ఎత్తున కిటికీ పెట్టినచో వెలుతురు మన తలమీదుగా పోయి ఎదుటి గోడకు తగులును, పడుగుమీద పడదు. కిటికీ గడప నేలకు ఒకటిన్నర అడుగులో ఉండవలెను. అదియు నేయువాని ప్రక్కన ఉండవలెను. ఎదుట ఉన్నచో కళ్ళు జిగేలుమనును, వెనుక ఉన్నచో మన నీడయే బట్టమీద పడును. అయితే కిటికీ ఇంత క్రిందకు దించినచో వీథిలోనివారికి మగ్గము, దానిమీది మనిషి, నేయుచున్న కొంగు రంగులతో సహా అన్నియు కనబడును. అందుకే గోనెపట్టాలు వచ్చినవి. కనుక క్రిందకు దించిన కిటికీకి రెక్కలు తప్పవు.

ఇక వాలు సంగతి. రెక్క బయటి అంచు క్రిందికి, లోపలి అంచు పైకి ఉండవలెను. మన ఇండ్లకు అరుగున్నది గనుక ఇంటినేల వీథికంటె అడుగున్నరో రెండడుగులో ఎత్తు. అయినను వీథిలో నిలిచినవాని కన్ను, లోపల నేలమీద కూర్చున్నవారి తలకంటె కొంచెము ఎత్తుననే ఉండును. వాడు లోనికి చూడవలెనన్న క్రిందికి చూడవలెను. రెక్క ఆ చూపునకు సరిగా అడ్డము నిలుచును. అరుగెక్కి చూచినవానికి మరింత అడ్డము. వంగి క్రిందినుండి పైకి చూచినవానికి ఇంటి కప్పు మాత్రమే కనబడును. లోపలివారికి మాత్రము అరుగుమీద నిలిచినవారి పాదములు కనబడును. వచ్చినది చుట్టమా, బాకీ అడుగవచ్చిన షావుకారా అని చెప్పులనుబట్టియే మా ఇంట ఆడవారు చెప్పగలరు! వెదురుపుల్లల తెరకు ఈ గుణము లేదు. అది పగటిపూట బాగుగానే దాచును గాని, రాత్రి లోపల దీపము వెలిగించగానే లోపలిదంతయు వీథికి చూపించును.

కొలతలు చెప్పెదము. మూడంగుళముల వెడల్పు రెక్కను 45 డిగ్రీల వాలున బిగించినచో దాని నిలువుకొలత రెండంగుళములపైన కొంచెము వచ్చును. రెక్కకు రెక్కకు నడుమ దూరము అంగుళము ముప్పాతిక మించరాదు. అపుడు పైరెక్క క్రింది అంచు, క్రిందిరెక్క పై అంచుకంటె కొంచెము దిగువకు వచ్చి ఒకదానినొకటి కప్పుకొనును. ఈ కప్పు లేనిచో చాటు లేదు, వానకు ఆపు లేదు. అయితే ఇట్లు బిగించిన కిటికీలో గాలి పోవు సందు రమారమి సగమే మిగులును. ఇది మరువరాదు. మామూలు కిటికీ మూడడుగులైతే చాలుననుకొన్న చోట, రెక్కల కిటికీ దానికి రెట్టింపు ఉండవలెను. దోమల వల కూడ కొట్టినచో ఇంకను తగ్గును.

ఇచట మా తప్పు ఒకటి చెప్పుకొనవలెను. మా సంఘపు పనిచోటుకు ఈ కిటికీలు చేయించినపుడు కొలతలన్నియు కాగితముమీద వ్రాసి వడ్రంగికి ఇచ్చినాము. ఏ వైపు బయట అన్నది వ్రాయలేదు. అతడు చట్రములు చక్కగా చేసి తెచ్చి, త్రిప్పి బిగించినాడు. చూచుటకు ఒకటే తీరుగా ఉన్నవి గనుక మేమును గమనింపలేదు. శ్రావణములో ఒక రాత్రి జోరువాన కురిసినది. ఒక్కొక్క రెక్క ఒక్కొక్క దోనెవలె నీటిని లోనికి పోసినది. తెల్లవారి తలుపు తీయునప్పటికి గుంటలో మోకాలిలోతు నీరు. కొత్తగా ఎక్కించిన పట్టుపడుగు తడిసి, కుంభపు అంచుకని వేసిన ఎరుపు ప్రక్కనున్న తెల్లలోనికి దిగియున్నది. ఆ పడుగు పనికి రాలేదు. నేతగాడు మారుమాట ఆడలేదు. అది మాకు మరింత బాధ కలిగించినది. నష్టము సంఘము భరించినది. వడ్రంగి కూలి పట్టుకొందమని ఒకరిద్దరు సభ్యులు అన్నారు. తప్పు కాగితములో ఉన్నది గనుక మేము ఒప్పుకొనలేదు. నాటినుండి ప్రతి చట్రముమీద బయటివైపున ‘బయట’ అని సుద్దతో వ్రాయించిన తరువాతనే గోడకు ఎక్కించుచున్నాము.

దిక్కునుబట్టి రెక్కల తీరు మార్చవచ్చును. పైన చెప్పిన కప్పుడు రెక్కలు ఏ దిక్కు ఎండనైనను నేరుగా రానీయవు. దిగిపోవు సూర్యుని అడ్డపుటెండ కూడ ఆగును. అందుచేత పడమటి కిటికీకి ఇవియే తగును. దక్షిణమునకు అంత అవసరము లేదు. బరంపురములో డిసెంబరు చివర మధ్యాహ్నము సూర్యుడు సుమారు 47 డిగ్రీల ఎత్తున ఉండును. నాలుగంగుళముల రెక్కలను వాలు లేకుండ, నాలుగంగుళముల ఎడముతో పెట్టినను ఆ మధ్యాహ్నపుటెండ లోపలికి దిగదు. తక్కిన మాసములలో మధ్యాహ్నపు సూర్యుడు ఇంకను ఎత్తుననే ఉండును. మే మూడవ వారము మొదలు జూలై నాల్గవ వారము వరకు నడినెత్తిని దాటి కొంచెము ఉత్తరముగనే పోవును. ఉత్తరపు కిటికీ అన్నిటికంటె మేలు. ఆ వేసవిలో ఉదయ సాయంకాలములు కాస్త ఏటవాలు ఎండ తగులుట తప్ప, ఏడాది పొడుగునా నిలకడగల వెలుతురు వచ్చును. రంగులు పోల్చుకొనుటకు అదే సరియైన చోటు.

అహమదాబాదులో మిల్లు యజమానుల సంఘమునకు లె కార్బూజియే అను ఫ్రాన్సు దేశపు శిల్పి కట్టిన భవనమొకటి ఉన్నది. 1954లో పూర్తియైనది. దానికి కాంక్రీటుతో నిలువు రెక్కలు పోసినారు. తూర్పున సబర్మతి నది. అటు రెక్కలు గోడకు తిన్నగా ఉండి నదిని, గాలిని లోనికి రానిచ్చును. పడమట వీథి. అటు రెక్కలు ఏటవాలుగా తిరిగియుండి సాయంకాలపుటెండను, వీథివారి చూపును ఆపి, గాలిని మాత్రము విడుచును. మిల్లు యజమానికి, గుంటమగ్గపు నేతగానికి ఇంత చక్కగా కలిసిన సమస్య మరియొకటి మాకు తెలియదు. వారిది కాంక్రీటు, మనది చెక్క.

గాలి రెక్క వాలును పట్టి పోవును. బయటికి వాలిన రెక్కలగుండా వచ్చిన గాలి పైకెక్కి కప్పుక్రింద నడుచును. ఒంటికి సూటిగా తగలదు. ఇది కొరతయని కొందరనిరి గాని మగ్గమునకు ఇదియే మంచిది. సూటిగాలి పడుగును ఆరబెట్టును, పీచును లేపును. అయితే వచ్చిన గాలి పోవుటకు దారి ఉండవలెను. పెరటివైపు గోడలో కప్పుకు దగ్గరగా, ముందుకిటికీకి తక్కువగాని సందు విడువవలెను. అది లేనిచో ముందు ఎన్ని రెక్కలు పెట్టినను గదిలో ఆకు కదలదు. వంటిల్లు పెరటివైపున ఉన్నవారు పొగ మగ్గముమీదుగా రాకుండ చూచుకొనవలెను. జరీకి పొగ మంచిది కాదు. షోలాపురములో నూలు నేయు సోదరుల సంగతి వేరు. అచట ఏప్రిల్, మే నెలలలో వడగాలి. ఎండిన నూలు పుటుక్కుమని తెగును. వారికి కదలు రెక్కలు కావలెను. రాత్రి, తెల్లవారుజామున తెరచి, వడగాలి లేచులోగా మూసివేయవలెను.

ఇక వెలుతురు. మొదటి కిటికీ పెట్టినపుడు మా సంఘములో పెద్దాయన ఒకరు వచ్చి కూర్చుండి, పడుగుమీద చేయి వేసి చూచి, “సెక్రటరీగారూ, చాటు బాగున్నది, గాలి బాగున్నది. మరి నాకు పోగు కనబడవద్దా?” అనిరి. ఆయన మాట నిజమే. కప్పుకొన్న రెక్కలు ఆకాశపు వెలుతురును నేరుగా రానీయవు. అరుగుమీద పడిన వెలుతురు ఎగసి, రెక్కలకు తగిలి, కప్పుకు తగిలి, అటు పిమ్మట బట్టమీదికి వచ్చును. మేము ఆ రెక్కలకు ముదురు ఆకుపచ్చ రంగు వేయించి యుంటిమి. అది వెలుతురును మ్రింగివేసినది. రెండువైపుల తెల్లరంగు వేయించి, లోకప్పుకు సున్నము కొట్టించినాము. అయినను చాలలేదు. చివరకు కిటికీని రెండు భాగములు చేసినాము. క్రింది రెండడుగులు కప్పుడు రెక్కలు, చాటుకొరకు. పైభాగము కదలు రెక్కలు, ఒక కడ్డీ లాగిన తెరచుకొనునవి. వానిని అడ్డముగా తెరచినచో ఆకాశము కొంత కనబడి వెలుతురు పడుగుమీదికి దిగును. వీథివానికి అంత ఎత్తున చూచుటకు వీలు కాదు. ఎదుటి మేడమీదివారికి వీలగును. మేడ ఎదుట ఉన్నవారు ఆ మేరకు వాలు పెంచుకొనవలెను. పెద్దాయన ఇపుడు మధ్యాహ్నము మూడింటివరకు బల్బు వెలిగించరు.

అల్యూమినియము రెక్కలు చవుకగా వచ్చుచున్నవి గాని పడమటియెండకు కాలును, గాలికి గలగలలాడును. గాజురెక్కలు వెలుతురుకు మంచివి, చాటుకు కావు. చెక్కయే మేలు. కదలు రెక్కలకు ఇత్తడి చీలలు వేయించండి. సముద్రపు గాలికి ఇనుము తుప్పుపట్టి, రెండేండ్లలో రెక్క తిరుగదు. తుపానుకు మాత్రము రెక్కలను నమ్మరాదు. 2013 అక్టోబరు 12న గోపాలపురము వద్ద తీరము దాటిన ఫైలిన్ వంటిది వచ్చినపుడు ఏ రెక్కయు నిలువదు. లోపలివైపు గట్టి పలకతలుపు, దానికి అడ్డగడియ తప్పక ఉండవలెను.

రెక్కలమీద దుమ్ము, పీచు చేరును. గాలి విసరినపుడు అది పట్టుమీద రాలును. అమావాస్యనాడు మగ్గము ఆపెదము గదా, ఆనాడు పడుగుమీద గుడ్డ కప్పి, తడిగుడ్డతో పైరెక్కనుండి క్రిందికి తుడవండి. నమూనా చట్రమొకటి సంఘపు ఆఫీసులో గోడకు ఆనించి ఉంచినాము. ఇల్లు కట్టుచున్నవారు వడ్రంగిని వెంటబెట్టుకొని వచ్చి కొలతలు తీసికొనవచ్చును.