పగిలిన వాయు గొట్టంలో పీడన పతనం: నమూనా, కొలత

ఉపోద్ఘాతం

2014 జూన్ 27 తెల్లవారుజామున తూర్పు గోదావరి జిల్లా (నేటి కోనసీమ) మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ సంస్థకు చెందిన 18 అంగుళాల గొట్టం నుంచి సహజవాయువు వెలువడి అంటుకొంది. 20 మందికి పైగా మరణించారు. పొడివాయువుకు ఉద్దేశించిన గొట్టంలో నీరు, ద్రవ హైడ్రోకార్బన్లు కలిసిన తడివాయువు ప్రవహించి లోపలి గోడ తుప్పుపట్టిందని విచారణలో తేలింది. వాయువు సంఘటనం గొట్టం ఆయుష్షునే కాక, అది పగిలిన తరువాతి క్షణాలను కూడా ప్రభావితం చేస్తుంది. ఆ సంబంధాన్ని వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

తరంగం, పగులు

గొట్టం పగిలినప్పుడు పీడనం అంతటా ఒకేసారి పడిపోదు. పగిలిన చోటు నుంచి పీడన పతన తరంగం ఇరువైపులా సాగుతుంది. దాని ముందంచు వేగం ఆ వాయువులోని ధ్వని వేగమే. మీథేన్‌లో అది సెకనుకు సుమారు 400 మీటర్లు. పాతబస్తీలో చార్మినార్, మక్కా మసీదుల మధ్య ఉన్న దాదాపు 100 మీటర్ల దూరాన్ని అది పావు సెకనులో దాటగలదు. వెనుక వచ్చే తక్కువ పీడన స్థాయిలు అంత వేగంగా సాగవు. వాయువు చల్లబడి ధ్వని వేగం తగ్గుతుంది. పైగా బయటికి దూసుకువచ్చే ప్రవాహం వాటికి ఎదురవుతుంది. ధ్వని వేగం నుంచి ప్రవాహ వేగాన్ని తీసివేస్తే ఆయా స్థాయి వేగం వస్తుంది.

ఉక్కులో పగులు కూడా ఇదే దిశలో పరుగెత్తవచ్చు. తరంగం దాన్ని మించిపోతే పగులు కొనవద్ద పీడనం తగ్గి, పగులు ఆగుతుంది. లేకపోతే సాగుతూనే ఉంటుంది. ఈ రెండు వేగాలను పీడనంతో పోల్చి చూసే పద్ధతిని 1970లలో అమెరికాలోని బ్యాటెల్ సంస్థ రూపొందించింది.

ఈథేన్, ప్రొపేన్ ఎక్కువగా ఉన్న వాయువు చల్లబడితే ద్రవబిందువులు ఏర్పడతాయి. అప్పుడు ధ్వని వేగం హఠాత్తుగా పడిపోతుంది. పగులు కొనవద్ద పీడనం ఎక్కువసేపు నిలుస్తుంది. దాన్ని ఆపడానికి మరింత దృఢమైన ఉక్కు కావాలి.

కొలిచే విధానం

పొడవైన గొట్టంలో అధిక పీడనంతో వాయువును నింపి, ఒక చివర బిగించిన పలుచని బిళ్లను పగులగొడతారు. ఒకే పీడన స్థాయి వరుసగా అమర్చిన సెన్సర్లను ఏయే క్షణాల్లో చేరిందో గుర్తించి, దూరాన్ని కాలంతో భాగిస్తారు. ఆ ఫలితాన్ని స్థితి సమీకరణంతో గణించిన వేగంతో సరిచూస్తారు. గణన సాధారణంగా ఘర్షణను లెక్కలోకి తీసుకోదు. కనుక సన్నని గొట్టాల్లో చేసిన కొలతలను జాగ్రత్తగా అన్వయించాలి.

ముగింపు

నగరం దుర్ఘటనకు మూలం తుప్పు. పరుగెత్తే పగులు కాదు. అయినా రెండు సమస్యలకూ తొలి ప్రశ్న ఒక్కటే: గొట్టంలో నిజంగా ప్రవహిస్తున్నది ఏమిటి? పొడివాయువుకు గీసిన వక్రరేఖ తడివాయువుకు భద్రతనివ్వదు. కాబట్టి నమూనా ఎంత సూక్ష్మమైనదైనా, వాయువు సంఘటనాన్ని క్రమం తప్పక పరీక్షించనిదే దాని ఫలితం నమ్మదగినది కాదు.