కాలు జారకుండా చూసుకుందాం

పిల్లలూ, "కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం" అని మనకొక సామెత ఉంది. మాట్లాడే ముందు ఆలోచించమని దాని అర్థం. మంచి సామెతే. కానీ ఆ మాట మొదట అన్నవాళ్ళు ఇల్లినాయ్ చలికాలం చూసి ఉండరు! ఇక్కడ కాలు జారితే తీసుకోవడం కూడా కష్టమే. ఎందుకో చెప్తాను.

మా ఇంట్లో ఏం జరిగిందంటే

మేము అమెరికా వచ్చాక మొదటి చలికాలంలో మా అత్తయ్య, అంటే మా అబ్బాయి నాయనమ్మ, గుంటూరు నుంచి వచ్చారు. సంక్రాంతికి మనవడి చేత అరిసెలు వత్తించాలని ఆవిడ కోరిక. పండగకి వారం ముందు మా వాడు మంచులో ఆడుకుని వచ్చి, బూట్లు తలుపు దగ్గరే వదిలేసి లోపలికి పరిగెత్తాడు. బూట్లకున్న మంచు కరిగి టైల్స్ మీద నీళ్ళు నిలిచాయి. ఉన్ని సాక్సులు వేసుకున్న నాయనమ్మ అటు వెళ్ళి జారి పడ్డారు. పడేటప్పుడు చెయ్యి నేలకి ఆనించడంతో మణికట్టు విరిగింది. 6 వారాలు కట్టు!

పాకంలో పిండి కలపడానికి చేతిలో బలం కావాలి కదా. అందుకని ఆ సంక్రాంతికి పిండి నేను కలిపాను. నాయనమ్మ కుర్చీలో కూర్చుని పాకం ఎప్పుడు దించాలో చెప్పారు. మా వాడు మాత్రం వంటింట్లోకి రాలేదు. "నీ తప్పు కాదురా నాన్నా, నేనే చూసుకోలేదు" అని ఆవిడ ఎంత చెప్పినా వినలేదు. మర్నాడు ఒక పాత ట్రే తెచ్చి తలుపు పక్కన పెట్టాడు. ఇప్పుడు మా ఇంట్లో అందరి బూట్లూ దానిలోనే ఉంటాయి.

అమెరికాలో 65 ఏళ్ళు దాటిన ప్రతి నలుగురిలో ఒకరి కంటే ఎక్కువ మంది ఏటా పడుతున్నారని సీడీసీ చెప్తోంది. వయసు పెరిగే కొద్దీ ఎముకలు పెళుసుగా అవుతాయి. మీరు పడితే దులుపుకుని లేస్తారు. తాతయ్య, అమ్మమ్మ పడితే తుంటి ఎముక విరగొచ్చు, అప్పుడు నెలల తరబడి నడక కష్టమవుతుంది.

చలికాలంలోనే ఎందుకు ఎక్కువ?

మన ఊళ్ళలో జారే కాలం వానాకాలం. పాచి పట్టిన గచ్చు పచ్చగా కనిపిస్తుంది కాబట్టి జాగ్రత్తగా అడుగు వేస్తాం. ఇక్కడి ఐస్ అలా కాదు. మెట్ల మీద పల్చగా గడ్డకట్టిన నీళ్ళు ఉత్త తడిలా కనిపిస్తాయి. పైగా డిసెంబర్‌లో చికాగో దగ్గర సాయంత్రం 4:30 లోపే పొద్దు గుంకుతుంది. చీకట్లో అసలే కనపడదు.

నీళ్ళు 32 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర గడ్డకడతాయి. ఉప్పు కలిసిన నీళ్ళు గడ్డకట్టాలంటే ఇంకా ఎక్కువ చలి కావాలి. అందుకే వాకిట్లో రాళ్ళ ఉప్పు చల్లుతారు. అయితే సుమారు 15 డిగ్రీల కంటే కిందికి పోతే ఆ ఉప్పు సరిగ్గా పనిచేయదు. అప్పుడు ఇసుక చల్లితే కాలికి పట్టు దొరుకుతుంది.

ఇంకో సంగతి. దీపావళికి మనం నూనె పెట్టుకుని తలంటు పోసుకుంటాం కదా! ఆ నూనె బాత్‌టబ్‌కి అంటుకుంటే తర్వాత వెళ్ళినవాళ్ళు జారతారు. తలంటు అయ్యాక టబ్‌ని సబ్బుతో కడిగేయాలి.

మీరు చేయగల పనులు

1. బూట్లు ట్రేలో పెట్టండి. నీళ్ళు కనిపిస్తే వెంటనే తుడవండి.
2. మెట్ల మీద బొమ్మలు, పుస్తకాలు వదలకండి.
3. పెద్దవాళ్ళకి అడుగున రబ్బరు పట్టు ఉన్న సాక్సులు ఇవ్వండి.
4. రాత్రి బాత్‌రూమ్‌ దారిలో చిన్న దీపం వెలిగించి ఉంచండి.
5. ఐస్ మీద పెంగ్విన్‌లా చిన్న చిన్న అడుగులు వేయండి. చేతులు జేబులో పెట్టుకోవద్దు.

మీ తెలుగు ఎందుకు అవసరం?

షాపులో నేల తడిగా ఉంటే పసుపు బోర్డు పెడతారు. మీ నాయనమ్మకి ఇంగ్లిష్ చదవడం రాకపోతే? అప్పుడు మీ మాటే ఆ బోర్డు. "నాయనమ్మా, ఆగు! అక్కడ తడిగా ఉంది" అని చెప్పాలి.

ఎవరైనా పడితే చెయ్యి పట్టి లాగేయకండి. "ఎక్కడ నొప్పిగా ఉంది? తలకి తగిలిందా?" అని అడగండి. ఇంట్లో పెద్దవాళ్ళని పిలవండి. లేవలేకపోయినా, తలకి దెబ్బ తగిలినా 911కి ఫోన్ చేయండి. ఎలా పడ్డారని డాక్టరు తప్పకుండా అడుగుతారు. తెలుగులో దానికి వేరువేరు మాటలున్నాయి:

జారి పడ్డాను – నేల నున్నగానో తడిగానో ఉంది.
తట్టుకుని పడ్డాను – కాలికి ఏదో అడ్డం వచ్చింది.
తూలి పడ్డాను – నిలదొక్కుకోలేకపోయాను.
కళ్ళు తిరిగి పడ్డాను – ఒంట్లో బాగాలేదు.

చివరిది విన్నారంటే తప్పకుండా డాక్టరుకి చెప్పాలి. కారణం నేలలో లేదు, ఒంట్లో ఉంది. ఈ తేడా తెలిసిన మనిషి ఆ సమయానికి ఇంట్లో మీరొక్కరే కావచ్చు.

అభ్యాసం

1. ఖాళీ పూరించండి: తాతయ్య తివాచీ అంచు ________ పడ్డారు.
2. మణికట్టు, తుంటి, మడమ ఎక్కడుంటాయో మీ ఒంటి మీద చూపించండి.
3. ఇంటి పని: ఈ రోజు మీ ఇల్లంతా తిరిగి, జారే చోట్లు మూడు వెతికి, తెలుగులో రాయండి. వాటిలో ఒకటి ఈ రాత్రికే సరిచేయండి.