గుండాల ఉష్ణగుండాలు

భద్రాచలంలో సీతారాములను దర్శించుకొన్న యాత్రికులలో కొందరు అదే రోజున మరో 5 కిలోమీటర్లు ప్రయాణించి, గోదావరి ఒడ్డున ఉన్న గుండాల గ్రామానికి చేరుకొంటారు. అక్కడ వారికి కనిపించేది ఇసుకతిన్నె మాత్రమే. నీరు తగ్గిన కాలంలో ఆ ఇసుకలో చిన్న గొయ్యి తవ్వితే వేడినీరు ఊరుతుంది. పక్కనే నది చల్లగా పారుతుండగా ఈ నీటికి వేడి ఎక్కడిది? శీతకాలంలో త్రిమూర్తులు ఇక్కడ స్నానమాడేవారని స్థానికుల విశ్వాసం.

భూగర్భశాస్త్రం మరొక సమాధానం చెబుతున్నది. గోదావరి లోయ అతి ప్రాచీనకాలంలో కుంగిన నేల. సింగరేణి బొగ్గు పొరలు ఏర్పడినది ఈ లోయలోనే. ఇక్కడి శిలలలో లోతైన పగుళ్లు ఉన్నాయి. వాననీరు ఇంకి ఆ పగుళ్ల గుండా లోతుకు దిగుతుంది. సాధారణంగా భూమిలోపలికి కిలోమీటరు దిగినకొద్దీ ఉష్ణోగ్రత 25 నుండి 30 డిగ్రీల సెల్సియస్ చొప్పున పెరుగుతుంది. అలా వేడెక్కిన నీరు ఒత్తిడివల్ల తిరిగి పైకి వస్తుంది. దీనికి అగ్నిపర్వతంతో పనిలేదు. న్యూజిలాండులోని రోటోరువా ప్రాంతంలో మాత్రం అగ్నిపర్వత తాపంవల్ల బురద కుతకుత ఉడుకుతుంది. అక్కడ పర్యాటకులు తగినంత చల్లారిన బురదతో స్నానం చేస్తారు. గుండాలలో బురదకు బదులు ఇసుక ఉన్నది.

మణుగూరు సమీపంలోని పగిడేరులోనూ బోరుబావినుండి వేడినీరు ఉబికి వస్తున్నది. ఆ వేడితో 20 కిలోవాట్ల విద్యుత్తును ఉత్పత్తి చేయడానికి సింగరేణి సంస్థ ప్రయోగాత్మక కేంద్రాన్ని చేపట్టింది.

ఒకప్పుడు ఖమ్మం జిల్లాలో ఉన్న గుండాల 2014లో ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. భద్రాచలం తెలంగాణలో ఉండిపోయింది. పూటలో ముగిసే ఈ యాత్రలో రాష్ట్రపు ఎల్లను దాటవలసి వస్తున్నది. నేలలోని నీటికి ఆ ఎల్ల లేదు.

ఇక్కడ గోదావరిదే అధికారం. 1986లో భద్రాచలం వద్ద వరద 75.6 అడుగులకు, 2022లో 71.3 అడుగులకు చేరింది. వానకాలంలో నది పొంగితే తిన్నె మునిగిపోతుంది, తవ్విన గుంటలు పూడిపోతాయి. నీరు తగ్గాక వచ్చినవారు మళ్లీ తవ్వుకోవలసిందే. అయితే మనిషి వదిలివెళ్లిన ప్లాస్టిక్ సీసాలు, సబ్బు కాగితాలు గుంటవలె మాయం కావు. వరద వాటిని దిగువ గ్రామాల ఒడ్డుకు చేరుస్తుంది.

కనుక వచ్చేవారు కొన్ని నియమాలు పాటించాలి. నీటి వేడిని ముందుగా పరీక్షించి గాని గుంటలో దిగరాదు. లోతు తెలియని నదిలోకి పోరాదు. తెచ్చిన వస్తువులను తిరిగి తీసుకొనిపోవాలి. ఏనాటి వాననీరో భూగర్భంలో వేడెక్కి వచ్చి మన అరచేతిని తాకుతున్నది. తరువాత వచ్చేవారికి కూడ అది అంతే నిర్మలంగా దక్కాలి.