మంచు పడని వ్యాసర్పాడికి మంచు మీది రికార్డులు

చెన్నై వ్యాసర్పాడిలో ఆటకు కొదవ లేదు. ముల్లై నగర్ మైదానంలో తెల్లవారకముందే ఫుట్‌బాల్ మొదలవుతుంది, సాయంత్రమైతే సందుల్లో క్యారమ్ బోర్డుల చుట్టూ జనం చేరతారు. మంచు మాత్రం ఇక్కడ పడదు. అయినా ఈసారి విశేషాలను మంచుకొండల మీది నుంచే మొదలుపెడుతున్నాను. హార్బర్‌కు పోయే లారీల దారుల్లో, రైలు పట్టాల పక్కన బతికే పేటలో కాలో నడుమో దెబ్బతిన్న మనిషికి “ఇక ఆటల సంగతి మరిచిపో” అని చాలా తొందరగా చెప్పేస్తారు. ఆ మాటకు జవాబు ఈ రికార్డుల్లో ఉంది. చదివేటప్పుడు ఒక్కటి గమనించండి: ప్రతి రికార్డు వెనుకా ఎవరో ఒకరు పనిముట్టును మార్చారు, లేదా నేలను మార్చారు.

ఒంటికాలిపై గంటకు 213 కిలోమీటర్లు

పాదాలకు పొడవాటి పలకలు బిగించుకుని మంచు వాలు మీద జారే ఆట స్కీయింగ్. రెండో ప్రపంచ యుద్ధంలో కాలు పోగొట్టుకున్న జర్మన్ ఫ్రాంజ్ వెండెల్ తన చంక కర్రల చివర చిన్న స్కీలు బిగించుకుని 1942లో పోటీకి దిగాడు. కాలికి ఒక స్కీ, చేతి కర్రలకు రెండు, మొత్తం మూడు గీతలు మంచు మీద. ఒంటికాలి స్కీయర్లు ఈనాటికీ ఆ పద్ధతిలోనే జారుతున్నారు.

ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ మిల్టన్‌కు తొమ్మిదో ఏట ఎముక క్యాన్సర్ వల్ల ఎడమకాలు తీసేశారు. 2006లో ఫ్రాన్స్‌లోని లెజార్క్ కొండపై అతను ఒక్క కాలిమీద అందుకున్న వేగం గంటకు 213.65 కిలోమీటర్లు. మన వందే భారత్ ప్రయాణికులతో పరుగెత్తేది గంటకు 160 దాకానే.

కూర్చుని జారడానికి పన్నెండేళ్లు

తొలి శీతాకాల పారాలింపిక్స్ 1976లో స్వీడన్‌లోని ఓర్న్‌షోల్డ్స్‌విక్‌లో జరిగాయి. వెన్నుపూస దెబ్బతిని నిలబడలేనివారికి అక్కడి స్కీ పోటీల్లో చోటు లేదు. స్ప్రింగు మీద కుర్చీ, దాని అడుగున స్కీ ఉండే సిట్-స్కీ పోటీలు వచ్చింది 1988లో, ఇన్స్‌బ్రుక్‌లో. ఆ పన్నెండేళ్లలో మనుషుల ధైర్యం పెరిగిందని కాదు, కుర్చీ తయారైంది.

కెనడాకు చెందిన జాష్ డ్యూయెక్ 2004లో స్కీ మీద ఎగిరి పడి నడుము కింద స్పర్శ కోల్పోయాడు. 2010 వాంకూవర్ పారాలింపిక్స్‌లో రజతం గెలిచాడు. 2012లో సిట్-స్కీతో గాలిలో వెనక్కి పల్టీ కొట్టాడు, అలా కొట్టిన మొదటివాడు అతనే.

జర్మనీకి చెందిన గెర్ద్ షోన్‌ఫెల్డర్ కథ వ్యాసర్పాడి జీవా స్టేషన్‌లో రోజూ రైలెక్కేవారికి మరీ దగ్గరగా తగులుతుంది. 1989లో కదులుతున్న రైలు ఎక్కబోయి జారి పడ్డాడు. కుడిచెయ్యి పోయింది, ఎడమచేతి వేళ్లూ చాలావరకు పోయాయి. ఆ తర్వాత 1992 నుంచి 2010 వరకు శీతాకాల పారాలింపిక్స్‌లో 16 స్వర్ణాలు గెలిచాడు.

మన మంచు, మన తెలుగువాళ్లు

2021 సెప్టెంబర్‌లో దివ్యాంగుల బృందం ఒకటి సియాచిన్ హిమనదం మీద 15,632 అడుగుల ఎత్తున ఉన్న కుమార్ పోస్టుకు చేరింది.

మంచు దిగి వస్తే మన తెలుగు నేల మీదా ఇలాంటి గెలుపులున్నాయి. రోడ్డు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న హైదరాబాదీ ఆదిత్య మెహతా 2013లో ఆసియా పారా సైక్లింగ్‌లో రెండు రజతాలు తెచ్చి, తనలాంటివారికి శిక్షణ ఇచ్చే సంస్థ పెట్టారు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో తొలిసారి భారత్ తరఫున సైకిల్ తొక్కిన ఇద్దరిలో ఒకరు ఆంధ్రప్రదేశ్‌కు చెందిన షేక్ అర్షద్. రెండోవారు జ్యోతి గడేరియా. 2011లో లారీ ప్రమాదంలో ఎడమకాలు కోల్పోయిన మానసి జోషి హైదరాబాద్ గోపీచంద్ అకాడమీలో సాధన చేసి 2019 ఆగస్టులో బాసెల్‌లో పారా బ్యాడ్మింటన్ ప్రపంచ చాంపియన్ అయ్యారు. బ్యాడ్మింటన్ తార పి.వి. సింధు ప్రపంచ చాంపియన్ అయిందీ అదే ఊళ్లో, అదే నెలలో. సింధు గెలుపు ఇంటింటికీ తెలిసింది. మానసి గెలుపూ అంతగా తెలిసి ఉండాల్సింది.

చెన్నైలో సత్తుపల్లి ఆడబిడ్డ

ఖమ్మం జిల్లా సత్తుపల్లిలో పుట్టిన మాధవీలత ప్రత్తిపాటికి ఏడో నెలలో పోలియో సోకింది. చెన్నైలో బ్యాంకు ఉద్యోగం. నలభైకి దగ్గరపడ్డాక వెన్ను ఒంగి ఊపిరితిత్తులపై ఒత్తిడి పడుతుంటే, చికిత్స కోసమే నీళ్లలో దిగారు. నీళ్లలో కాళ్ల మీద బరువు పడదు. చికిత్స కాస్తా ఈతైంది, 2011 జాతీయ పారా ఈత పోటీల్లో మూడు స్వర్ణాలైంది. అక్కడితో ఆగకుండా భారత వీల్‌చైర్ బాస్కెట్‌బాల్ సమాఖ్యను స్థాపించారు. ఇన్ని పేర్లలో నాకు అందరికన్నా గొప్పగా కనిపించేది ఆమే. తన పతకాల తర్వాత పక్కవాడి ఆటకు కుర్చీలు, కోచ్‌లు, కోర్టులు వెతికిపెట్టారు.

ఈ దారిలో ముందు నడిచినవారు వెల్లూరు డాక్టర్ మేరీ వర్గీస్. 1954 కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడినా, వీల్‌చైర్‌లో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. 1966లో వెల్లూరులో పునరావాస కేంద్రం తెరుచుకోవడం వెనుక ఉన్నది ఆవిడే.

తొమ్మిది కిలోల కుర్చీ, ఇసుక మీద చెక్కబాట

దేశంలో తయారైన మొదటి నిలబెట్టే వీల్‌చైర్ ‘అరైజ్’ను ఐఐటీ మద్రాస్ 2019లో విడుదల చేసింది. అదే సంస్థ నుంచి 2025లో వచ్చిన ‘వైడీ వన్’ కుర్చీ బరువు 9 కిలోలు. మామూలు ఆస్పత్రి కుర్చీ దాదాపు దానికి రెట్టింపు తూగుతుంది. ఒక మనిషి తన కుర్చీని తానే ఆటోలోకి ఎత్తుకోగలడా లేడా అన్నది ఆ తేడాలోనే ఉంది.

మెరీనాలో వీల్‌చైర్‌ల కోసం 263 మీటర్ల శాశ్వత చెక్కబాటను 2022 నవంబర్ 27న తెరిచారు. రెండు వారాలు తిరగకముందే మాండస్ తుపాను దాన్ని విరగ్గొట్టింది. మళ్లీ బాగుచేశారు.

ఇక వ్యాసర్పాడికే సొంతమైన రికార్డు: చెన్నై నగర బస్సుల సంస్థ ఎంటీసీ తొలి విడత ఎలక్ట్రిక్ బస్సులు, మొత్తం 120, 2025 జూన్ 30న బయల్దేరింది ఇక్కడి డిపో నుంచే. నేలకు దగ్గరగా ఉండే లో-ఫ్లోర్ బస్సులవి. కుర్చీతో నేరుగా ఎక్కొచ్చు. ఇంటి గుమ్మం నుంచి ఆ బస్టాపు దాకా ఉన్న ఫుట్‌పాత్‌ను చదును చేయడం ఒక్కటే కార్పొరేషన్ చేతిలో మిగిలిన పని. ఆ పని ఈ ఏడే కావాలి.