తల్లిచేపకు రక్షణ.. తీరానికి బతుకు

దాచేపల్లి: మండలాన్ని ఒరుసుకుని పారే కృష్ణానది హంసలదీవి వద్ద సాగరంలో కలుస్తుంది. బురదనీటి వల్ల పగడపు దిబ్బలు పెరగని ఆ ముఖద్వారంలో మడ అడవులే చేపపిల్లలకు పురిటిల్లు. అందుకే కృష్ణా అభయారణ్యంగా వాటిని కాపాడుతున్నారు. పగడపు దిబ్బలున్న మన్నార్ సింధుశాఖలో 21 దీవులను 1986లో తమిళనాడు ప్రభుత్వం సముద్ర జాతీయ ఉద్యానంగా ప్రకటించింది.

పెద్ద తల్లిచేప చిన్నదానికంటే ఎన్నో రెట్లు గుడ్లు పెడుతుంది. రక్షిత జలాల్లో అది ఎదిగితే సంతతి వెలుపలికీ విస్తరిస్తుంది. విత్తనపు గింజను వండుకోని మిర్చి రైతుకు ఈ సూత్రం కొత్త కాదు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు యాంత్రిక, మోటారు పడవల వేటపై నిషేధం అమలవుతోంది. ఆ రెండు నెలలూ పూట గడవడమే గంగపుత్రులకు గండం. భృతి సకాలంలో అందితేనే నిషేధం నిలుస్తుంది, చేప మిగులుతుంది.